సమ్మెలో పంపు డ్యూటీ

మధ్యాహ్నం రెండు గంటల పది నిమిషాలకు ఓపెన్‌కాస్ట్ బొగ్గు గనిలో బ్లాస్టింగ్ అయింది. రోజూ అయ్యేదే. కిటికీ రెక్కలు అదిరాయి. అల్మారాలో గ్లాసులు ఒకదానికొకటి తగిలాయి. ముందు గదిలో మైకు ముందు కూర్చున్న మా ఆయన చదువుతున్న వాక్యం మధ్యలో ఆగాడు. ఆయనకు ఎదురుగా, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చున్న హైదరాబాదు మనిషి మాత్రం లేచి గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

"భూకంపమా అంకుల్?"

"బొగ్గుకు బాంబులు పెట్టిన్రు సారూ. కూసో. రేపు గూడ వస్తది, నీ మైకుకు ఇప్పుడే చెప్పి పెట్టు."

అని మా ఆయన పెద్దగా నవ్వాడు. ఆ మనిషి నవ్వలేదు. మైకు పక్కన, రికార్డింగు నడుస్తున్నదని చూపే చిన్న ఎర్ర దీపం వైపు చూశాడు. అది వెలుగుతూనే ఉంది. ఆపవలసిన మనిషి దాన్ని ఆపలేదు.

గదిలో ఉక్కపోత. చప్పుడు రాకూడదని కిటికీలకు బొంతలు కట్టించాడు. కూలర్ ఆపించాడు. గోదావరిఖనిలో ఎండాకాలం కూలర్ ఆపి కూర్చోవడమంటే ఎట్లా ఉంటుందో ఇక్కడివాళ్లకు చెప్పనక్కరలేదు. మా ఆయన బనీను తడిసి ఒంటికి అంటుకుంది. అయినా ఆయన ముఖంలో విసుగు లేదు. డ్యూటీలో ఉన్నప్పటి ముఖం అది. రిటైరైన తర్వాత ఆ ముఖం నేను చూడటం అదే మొదలు.

ఆయన ఏ డ్యూటీలో ఉన్నాననుకున్నాడో ముందు చెప్పాలి.

మా దగ్గర గనిని బాయి అంటారు. మా ఆయన బాయిలో పంపు ఆపరేటర్. భూమి కింద నీళ్లు ఊరుతూనే ఉంటాయి. వాటిని తోడే పంపులు ఆగితే పని జాగాలు మునుగుతాయి, మిషన్లు మునుగుతాయి, తర్వాత అక్కడ ఎవరికీ పని ఉండదు. అందుకని సమ్మె కట్టిన రోజుల్లో కూడా పంపుల దగ్గర పనిచేసేవాళ్లు లోపలికి పోతారు. యాజమాన్యం పంపితే పోవడం కాదు. సమ్మె చేసేవాళ్లే పంపుతారు. గేటుకు అడ్డంగా కూర్చున్నవాళ్లు మా ఆయన సైకిలు కనిపించగానే కాళ్లు ముడుచుకునేవాళ్లు. "పంపు వస్తున్నది, జరుగుండ్రి" అనేవాళ్లు. ఎవరు పోవాలో గేటు దగ్గర నోటిమాటగా తేలేది. "ఇయ్యాల నువ్వు పో" అని ఒకరు అంటే చాలు. అదే ఆయనకు పర్మిషన్.

ఇంకెవరైనా ఆ గేటు దాటితే వాళ్లింటికి పెళ్లికి కూడా జనం పోయేవారు కాదు. ఆయన దాటితే టీ తాగించి పంపేవాళ్లు. దాని గురించి ఆయనకు గర్వం ఉండేది. "బాయి మునిగినంక సమ్మె గెలిచి ఏడికి పోతరు?" అనేవాడు. నేను బడిలో చిన్న క్లాసులకు తెలుగు చెప్పేదాన్ని. సమ్మె రోజుల్లో నా తోటి టీచర్లు, మీ ఆయన డ్యూటీకి పోతున్నాడట గదా అని అనుమానంగా అడిగితే, ఇదంతా విడమరచి చెప్పవలసి వచ్చేది. చెప్పి చెప్పి నాకూ నమ్మకం కుదిరింది.

మా బిడ్డ హైదరాబాదులో వీడియో గేమ్‌లు తయారుచేసే ఒక కంపెనీలో పనిచేస్తుంది. పాత్రలకు సరిపోయే గొంతులు వెతికి, వాళ్లతో మాటలు చెప్పించడం ఆమె పని. కొన్ని పాత్రలకు తనే చెబుతుంది. ఆ కంపెనీ ఒక గేమ్ మొదలుపెట్టింది. మూతపడిన బొగ్గుబాయిలో దారి తప్పినవాడు బయటపడాలి. అతనికి దారి చూపే ముసలి కార్మికుడు ఒకడు ఉంటాడు. ఆ ముసలివాడికి మా వైపు గొంతు కావాలన్నారు. బిడ్డ తన తండ్రి గొంతు వినిపించింది. వాళ్లకు నచ్చింది. ఆయన హైదరాబాదు పోయి చెప్పి వచ్చాడు.

గేమ్ బయటికి వచ్చింది. మా గల్లీలో పిల్లల ఫోన్లలోంచి ఆయన గొంతు వినిపించేది. "వెనుకకు రా! గాలి లేదక్కడ!" అని అరిచేవాడు. టీ కొట్టు దగ్గర పాత దోస్తులు ఆయన్ని వదల్లేదు.

"ఏంది కాకా, రిటైరైనంక గూడ బాయి ఇడుస్తలేవు?"

"బాయే నన్ను ఇడుస్తలేదురా."

"పింఛను మీదికెల్లి ఇదొకటా? మాకు గూడ ఓ ముసలోని పాత్ర ఇప్పియ్యరాదు?"

"నీకు పాత్రెందుకు? నువ్వు నోరు తెరిస్తెనే గేమ్ ఆడేటోడు పారిపోతడు."

సంతోషంగా ఉన్నాడు. దాన్ని నేను కాదనను.

తర్వాత కంపెనీ కొత్త షరతు పెట్టింది. ఒక మనిషి గొంతు కొంతసేపు వినిపిస్తే, ఆ మనిషి ఎన్నడూ అనని మాటలను కూడా అదే గొంతుతో పలికించే ఏఐ వచ్చింది. ఒకసారి గొంతు ఇచ్చినవాళ్లను మళ్లీ పిలవకుండా, అడగకుండా దానితో చెప్పించుకుంటామని కంపెనీ అంది. ఒప్పుకున్నవాళ్లకే పని. బొమ్మలు గీసేవాళ్లకు, గేమ్ ఆడి తప్పులు పట్టేవాళ్లకు కూడా అదే భయం పట్టుకుంది. వాళ్లంతా కలిసి పని ఆపేశారు. బయటి దేశాల్లో కూడా గేమ్‌లకు గొంతు ఇచ్చేవాళ్లు ఇదే విషయం మీద సమ్మె చేశారని బిడ్డ ఫోన్లో చెప్పింది.

మా ఆయన అప్పటికప్పుడు చొక్కా వేసుకున్నాడు. "నా బిడ్డ సమ్మెల కూసున్నదట. ఇంట్ల కూసుంటనా?" అన్నాడు. ఇద్దరం రామగుండంలో రైలెక్కాం.

హైదరాబాదులో కంపెనీ ఆఫీసుకు ఎదురుగా రోడ్డు పక్కన చిన్న టెంటు. ముప్పై ఏళ్లు దాటనివాళ్లే ఎక్కువ. నినాదాలు ఫోన్లో రాసుకుని చూసి చదువుతున్నారు. మా ఆయన చెప్పులు విప్పి వాళ్ల మధ్యన కూర్చున్నాడు. ఎవరో టీ ఇచ్చారు. ఒక గుక్క తాగి, మొదటి మాటే ఇదడిగాడు:

"మీ పంపు ఎవరు చూస్తున్నరు?"

వాళ్లకు అర్థం కాలేదు. ఆయన చెప్పాడు. బాయి గురించి, నీళ్ల గురించి, గేటు దగ్గర కాళ్లు ముడుచుకోవడం గురించి. పిల్లలు శ్రద్ధగానే విన్నారు. గేమ్‌లలో రాక్షసులకు గొంతు ఇచ్చే ఒకతను ఉన్నాడు. మనిషి సన్నగా, నెమ్మదిగా ఉంటాడు. అతను అన్నాడు:

"మాకు పంపుల్లేవు కాకా. కంప్యూటర్లే ఉన్నయ్."

"కంప్యూటర్లయినా ఏదో ఒకటి నడువాలె గద. అంత ఆగిపోతె రేపు గెలిచి ఏడికి పోతరు?"

"అట్లయితె పంపుకు నువ్వే పో కాకా!" అన్నాడు రాక్షసుల గొంతతను, రాక్షసుడి గొంతుతోనే.

అందరూ నవ్వారు. బిడ్డ కూడా నవ్వింది. మా ఆయన నవ్వలేదు. తల ఊపాడు.

తిరుగు రైలులో అన్నాడు, "మంచి పిల్లలు. గేటు కాడనే చెప్పిన్రు."

"ఏం చెప్పిన్రు?"

"పంపుకు నన్ను పొమ్మన్నరు గద."

"వాళ్లు నవ్వులకన్నరయ్యా."

"సమ్మెల కూసున్నోళ్లు పంపు ముచ్చట నవ్వులకు అనరు. నీకు తెల్వది."

నేను కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. నిజంగా అక్కడ పంపు ఏదీ లేదు కాబట్టి ఆ మాట అక్కడితో ఆగుతుందనుకున్నాను.

కొద్ది రోజులకు కంపెనీ మనిషి ఫోన్ చేశాడు. మర్యాదగా మాట్లాడాడు. గేమ్ ఆడుతున్నవాళ్లు లక్షల్లో ఉన్నారని, ప్రమాద హెచ్చరికలు కొన్ని సరిచేయకపోతే గేమ్ ఆగిపోతుందని చెప్పాడు. కొత్త పనేమీ కాదన్నాడు. "గేమ్ మొత్తం ఆగిపోతే రేపు మీ అమ్మాయి వాళ్లు గెలిచి ఎక్కడికి వస్తారు అంకుల్?" అన్నాడు.

ఫోన్ స్పీకర్లో ఉంది. నేను పక్కనే ఉన్నాను. ఆ మాట మా ఆయనది. టెంటులో అన్న మాట. అది ఆ మనిషికి ఎట్లా చేరిందో నాకు ఇప్పటికీ తెలియదు. టెంటులోంచి ఎవరైనా ఆ మాట మోశారా, ఎవరైనా వీడియో తీసి పెట్టారా, లేక ఆ మనిషికి తనంతట తనకే తట్టిందా. మా ఆయనకు మాత్రం అనుమానం రాలేదు. తన లెక్కనే ఆలోచించేవాడు యాజమాన్యంలోనూ ఒకడున్నాడని మురిసిపోయాడు.

ఇదీ ఆయన అనుకున్న డ్యూటీ.

ఆ మనిషి రికార్డింగు పెట్టెలతో మా ఇంటికే వచ్చాడు. మొదట నిజంగానే హెచ్చరికలు చెప్పించాడు. "గ్యాస్ ఉన్నది, దీపం చూసుకో", "పైకప్పు రాలుతున్నది" అని. అవి అరగంటలో అయిపోయాయి. తర్వాత వేరే వాక్యాలు ఇచ్చాడు. కూరగాయల ధరలు, వానల వార్తలు, ఎవరో ఇద్దరు చెల్లెళ్ల కథ. 'అవును' అనే ఒక్క మాటను కోపంగా, భయంగా, ప్రేమగా, నిద్రమత్తులో అనిపించాడు. దగ్గించాడు. నిట్టూర్పించాడు. ఆ వాక్యాలు వింటుంటే నాకు బడి గుర్తొచ్చింది. పిల్లలకు అక్షరాలన్నీ వచ్చాయో లేదో చూడటానికి మేము అట్లాంటివే రాసి చదివించేవాళ్లం. అర్థం ముఖ్యం కాదు, ఒక్క ఒత్తు కూడా తప్పిపోకూడదు.

మంచినీళ్ల గ్లాసు పెడుతూ ఆ మనిషిని అడిగాను.

"ఇవి ఏ ప్రమాదానికి హెచ్చరికలు బాబూ?"

"టెస్టింగ్ మేడమ్."

"దేనికి టెస్టింగ్?"

"మైకుకు మేడమ్."

"మైకు మంచిగున్నదో లేదో తెలవడానికి పొద్దటి నుంచి చదవాల్నా?"

ఆ మనిషి నీళ్లు తాగాడు. మా ఆయన చెయ్యి ఊపాడు.

"టీచరమ్మా, నీ కండ్లకు అందరు కాపీ కొట్టేటోళ్లే అవుపడతరు. పో, జర చాయ్ పెట్టు. ఫికర్ చెయ్యకు."

దీపం వెలుగుతూనే ఉంది.

వంటింట్లోంచి బిడ్డకు ఫోన్ చేశాను. కార్మిక శాఖ ఆఫీసులో చర్చల్లో ఉన్నానని, తర్వాత చేస్తానని చెప్పి పెట్టేసింది. మళ్లీ చేస్తే ఎత్తలేదు. ఆమె తిరిగి చేసేసరికి ఆ మనిషి పెట్టెలు సర్దుకుని వెళ్లిపోయాడు. మా ఆయన స్నానం చేసి పడుకున్నాడు. నాన్న ఏదో చదివి ఇచ్చాడని చెబితే, పాత పనికి సంబంధించిందేమోనని ఆమె అనుకుంది. ఆ రోజు చర్చలు విఫలమయ్యాయి. ఆమె మాటంతా దాని మీదే ఉంది.

తర్వాత ఒక ఉదయం నేను బియ్యంలో రాళ్లు ఏరుతున్నాను. ఆయన ఫోన్ మోగింది. బిడ్డ.

"బాపూ, నువ్వు పోయినవా?"

"పోయిన బిడ్డా. పంపుకు."

"ఏ పంపు?"

"గా మీ గేముదే. ఆగిపోతదన్నరు."



"గేమ్ ఆగాల్ననే గద బాపూ మేం కూసున్నది."

 ఆయన ఫోన్ నా చేతికి ఇచ్చాడు.

జరిగింది ఇది. సమ్మె నడుస్తుండగానే గేమ్‌లో కొత్త భాగం వచ్చింది. ఒక్క కళాకారుడినీ పిలవలేదు. ముసలి కార్మికుడు అందులో గంటసేపు మాట్లాడతాడు. తన చిన్నతనం చెబుతాడు, ఇద్దరు చెల్లెళ్ల గురించి చెబుతాడు, ఏడుస్తాడు. చివర్లో పని ఆపి కూర్చున్న కార్మికుల దగ్గరికి పోయి, "లేవుండ్రి. డ్యూటీకి పోదాం. ఆగితె ఏమొస్తది?" అంటాడు. గొంతు మా ఆయనది. ఆ యాస, ఆ జీర, మాట చివర గాలి వదలడం, అన్నీ ఆయనవే. కళాకారులు ఇష్టంగానే సహకరిస్తున్నారని కంపెనీ చెప్పుకోవడం మొదలుపెట్టింది. ఉదాహరణకు ఆయనే దొరికాడు.

బిడ్డ పంపిన ఆ ముక్కను ఆయన మంచం మీద కూర్చుని విన్నాడు. అయిపోయాక, "గీ మాట నేననలే" అన్నాడు. ఇంటికి వచ్చిన ప్రతి ఒక్కరితో అదే అన్నాడు. పాలవాడితో కూడా. టీ కొట్టుకు పోవడం తగ్గించాడు. అక్కడ ఎవరూ ఏమీ అనలేదు. అనకపోవడమే ఆయనకు అనుమానం.

హైదరాబాదులో అనుమానం బిడ్డ మీదికి పోయింది. గొంతులు వెతికి తేవడమే ఆమె ఉద్యోగం. తండ్రిని కూడా ఆమే పంపిందని కొందరన్నారు. ఆమె టెంటులోకి వస్తే మాట మార్చేవారట. సమ్మెవాళ్ల వాట్సాప్ గ్రూపు ఒకటి ఆమె లేకుండా కొత్తగా మొదలైంది. ఈ సంగతి ఆమె ఏడవకుండా చెప్పింది. ఏడ్చి చెబితే నాకు ఇంత భయం వేసేది కాదు.

"నేను గేటు కాడికి పోత" అన్నాడు మా ఆయన. ఒంట్లో బాగుండటం లేదు, వద్దన్నాను. పోయాడు. నేను తోడు పోయాను.

టెంటు ముందర నిలబడి చెప్పాడు. "పంపుకు పొమ్మన్నరని పోయిన. నా బిడ్డకు తెల్వది. తప్పు నాది."

రాక్షసుల గొంతతను లేచి వచ్చాడు. "నేను నవ్వులకన్న కాకా."

"సమ్మెల నవ్వులకంటరా బిడ్డా?"

అతను తల దించుకున్నాడు. చివరన కూర్చున్న ఒక అమ్మాయి మాత్రం మెత్తబడలేదు. "నీకు పింఛనొస్తది తాతా. మా కొలువులు పోతున్నయ్. నీ గొంతుతోటే పోతున్నయ్" అంది. చోటు ఇవ్వడానికి కాళ్లు ముడుచుకోలేదు. ఆమె అన్నదాంట్లో అబద్ధం లేదు. ఆయన టెంటు నీడ దాటి ఎండలో కూర్చున్నాడు. బిడ్డ పోయి ఆయన పక్కన కూర్చుంది.

ఆ వారమంతా అట్లాగే కూర్చున్నాడు. అనుమానం కొంత తగ్గింది. రాక్షసుల గొంతతను రోజూ వచ్చి ఆయన పక్కన టీ తాగేవాడు. అనుమానం పూర్తిగా పోయిందని మాత్రం అనలేను. ఆయాసం ఎక్కువై ఇంటికి తీసుకొచ్చాను. దవాఖానలో గుండె అన్నారు. మూడో రోజు మధ్యాహ్నం పోయాడు. పోయేముందు ఈ విషయం ఏమీ మాట్లాడలేదు. దిండు సరిచేయమన్నాడు, అంతే. మా చర్చి సమాధుల తోటలో పెట్టాం.

నెల తిరగకముందే కంపెనీ మనిషి ఫోన్ చేశాడు. సంతాపం చెప్పాడు. ఆ గొంతునే ఏఐతో కాస్త మెత్తగా చేసి, సార్ పాత్రను ఆయన జ్ఞాపకార్థం కొనసాగించాలనుకుంటున్నామని, కుటుంబం సరేనంటే చాలని అన్నాడు. మేము ఒప్పుకుంటే పాత రికార్డింగు మీద సమ్మెవాళ్లు ఎత్తిన గొడవ ముగుస్తుందట. అమ్మాయి ఉద్యోగానికి ఇబ్బంది ఉండదట. "మీకోసం ఒకటి పంపుతున్నాను, వినండి మేడమ్" అన్నాడు.

వాట్సాప్‌లో వచ్చింది. నొక్కాను.

"టీచరమ్మా, ఫికర్ చెయ్యకు. నేను మంచిగనే ఉన్న."

పొయ్యి ఆపేసి కూర్చున్నాను. మళ్లీ వినలేదని రాయగలిగితే బాగుండును. విన్నాను. ఆయన నన్ను అట్లా పిలుస్తాడని ఆ మనిషికి ఎవరు చెప్పారని ఆలోచించాను. ఎవరూ చెప్పనక్కరలేదు. మా ముందు గదిలో ఆ దీపం వెలుగుతూ ఉండగా ఆయన నన్ను చాయ్ పెట్టమన్నాడు.

ఈ సంగతి తెలిసి బిడ్డ ఇంటికొచ్చింది. సమ్మె అప్పుడు తేలే దశలో ఉంది. వాళ్లు ప్రధానంగా అడుగుతున్నది ఒక్కటే. మనిషి అనని మాటను ఆ మనిషి గొంతులో పెట్టకూడదు, పెట్టాలంటే ప్రతిసారీ అడగాలి. ఇప్పుడు చనిపోయినవాడి భార్యే సరేనంటే కంపెనీకి అంతకంటే కావలసింది లేదు. వాళ్ల ఇండ్లల్లోనే అభ్యంతరం లేదు చూడండి అని చూపిస్తుంది. అది బిడ్డకు నాకంటే బాగా తెలుసు. అయినా అడిగింది.

"అమ్మా, అది నాకొకసారి ఇనిపియ్యి."

"ఎందుకు?"

"నువ్వు ఒద్దంటె ఒద్దనే చెప్పుదం. కని ఇనాలనిపిస్తున్నది."

"ఎవలను ఇంటవ్?"

"బాపును."

"గా మాట బాపు అన్నడా?"

"అనలే. ఉంటె అంటుండె గద."

"ఉంటె ఏమంటుండెనో నీకు తెల్సా, ఆ కంపెనోనికి తెల్సా?"

ఆమె నా ఫోన్ వైపు చూస్తూ ఉండిపోయింది. పదేళ్ల పిల్లలాగా అడుగుతున్నదని నాకు తెలుసు. ఫోన్ ఇవ్వడం నాకు పెద్ద పని కాదు. ఒకసారి విన్నాక రెండోసారి అడుగుతుంది. ఆ తర్వాత కంపెనీ ఇంకొకటి పంపుతుంది. అందులో ఆయన బిడ్డా అని పిలుస్తాడు. అప్పుడు మా ఇద్దరిలో ఎవరం కాదనగలం? నేనే దాన్ని మళ్లీ విన్న మనిషిని. నా మీద కూడా నాకు నమ్మకం లేదు. ఆమె ఎదురుగానే దాన్ని ఫోన్లోంచి తీసేశాను. ఆమె లేచి పెరట్లోకి పోయి బట్టలు ఉతకడం మొదలుపెట్టింది. ఉతికినవే మళ్లీ ఉతికింది.

కంపెనీ మనిషికి నేనే ఫోన్ చేశాను.

"మేము ఒప్పుకోం."

"సార్ ఉంటే ఒప్పుకునేవారు మేడమ్."

"ఉంటే ఒప్పుకునేవాడే కావచ్చు, పంపు డ్యూటీ అనుకొని. మీ దగ్గర పంపు ఉన్నదని నేను నమ్మను."

"ఒకసారి అమ్మాయి గారితో మాట్లాడి..."

"ఆమె ఇక్కడనే ఉన్నది. ఇంటున్నది."

బిడ్డ తడి చేతులతో గుమ్మంలో నిలబడి ఉంది. నా చేతిలోంచి ఫోన్ తీసుకుంది. "అమ్మ చెప్పిందే నా మాట" అని పెట్టేసింది. తర్వాత రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు టెంటుకు వెళ్లిపోయింది.

సమ్మె ముగిసింది. గెలిచారని కొందరు, సగం గెలిచారని కొందరు అన్నారు. బతికున్నవాళ్లనైనా, చనిపోయినవాళ్ల కుటుంబాన్నైనా అడగకుండా కొత్త మాట పెట్టబోమని కంపెనీ ఒప్పుకుంది. గేమ్‌లో తప్పులు పట్టేవాళ్లలో కొందరిని తిరిగి తీసుకోలేదు. టెంటు నీడలో చోటివ్వని ఆ అమ్మాయి కూడా వాళ్లలో ఉంది. బిడ్డను తీసుకున్నారు. గేమ్‌లో ముసలి కార్మికుడికి గొంతు మార్చారు. రాక్షసుల గొంతతను నాకు ఫోన్ చేశాడు.

"అమ్మా, కాక పాత్ర నన్ను చెప్పుమంటున్నరు. చెప్పన్నా?"

"నన్నెందుకు అడుగుతవు బిడ్డా?"

"అడుగాల్ననే గదమ్మా సమ్మె చేసింది. కాక లెక్క చెప్ప. నా లెక్కనే చెప్త."

చెప్పమన్నాను. బాగానే చెప్పాడట. నేను వినలేదు.

మా ఇంట్లో చేసిన రికార్డింగులన్నీ తుడిచేశామని కంపెనీ చెప్పింది. తుడిచేసినదాన్ని ఎవరూ చూపించలేరు. ఉన్నదాన్ని దాచడం, లేనిదాన్ని లేదనడం, రెండూ ఫోన్లో ఒకేలాగా వినిపిస్తాయి. వాళ్లు నిజమే చెప్పి ఉండవచ్చు.

ఆయన పోయిన సంవత్సరానికి ఇంట్లో జ్ఞాపకార్థ కూటం పెట్టాం. మా చర్చి కుటుంబాల్లో ఒక అలవాటు ఉంది. పాట, బైబిలు వాక్యం అయ్యాక, చనిపోయిన మనిషి బతికుండగా దేవుడు తనకు చేసిన మేలు గురించి చర్చిలో చెప్పిన సాక్ష్యం పెట్టి వింటారు. క్యాసెట్ల కాలం నుంచీ ఉంది. మా అత్తగారి సాక్ష్యం కూడా అట్లాగే విన్నాం, టేపు నలిగిపోయి సగం అర్థం కాకపోయినా. ఆయన సాక్ష్యం ఒక పండుగ రోజు ఎవరో ఫోన్లో తీసింది ఉంది. బాయిలో ఒంటరిగా ఉన్నప్పుడు కరెంటు పోయి, చీకట్లో నీళ్ల చప్పుడు వింటూ చేసిన ప్రార్థన గురించి చెప్పాడు. బిడ్డ దాన్ని చిన్న స్పీకర్లో పెట్టింది.

కొద్దిగా నడిచింది. గోడకు ఆనుకుని కూర్చున్న మా వదిన, ఆయన అక్క, చెయ్యి ఎత్తింది.

"ఆపు. ఇది మిషిన్‌దా?"

"కాదు వదినా. చర్చిల చెప్పిందే. నువ్వు గూడ ఉంటివి" అన్నాను.

"ఉంటి. కని మా తమ్ముడు గింత సాపుగ ఎన్నడు మాట్లాడిండు? ఆగి ఆగి మాట్లాడుతుండె."

"సాక్ష్యమని జర జాగ్రత్తగ చెప్పిండు అత్తా" అంది బిడ్డ.

"ఏమోనమ్మా. మీరే మిషిన్లు మాట్లాడుతయంటిరి. ఏది వాడో ఏది కాదో నాకెట్ల ఎరుకైతది?"

ఎవరూ ఆమెను సముదాయించలేదు. మా పాస్టరు అయ్యగారు బైబిలు మూసి నా వైపు చూశారు. నేను బిడ్డ వైపు చూశాను. ఆమె స్పీకర్ ఆపింది. అయ్యగారు ప్రార్థన చేసి ముగించారు. అన్నాలు పెట్టాం.

అందరూ పోయాక నేను, బిడ్డ కూర్చుని అది మొదటి నుంచి పెట్టాం. ఆయనే. ఆ పండుగ రోజు నేను ముందు వరుసలో కూర్చుని విన్నదే. అయినా ఒకచోట ఆయన 'అవును' అంటాడు, కంపెనీ మనిషి అన్ని తీర్లుగా అనిపించిన మాటే. అక్కడికి వచ్చేసరికి ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. బిడ్డ చెయ్యి చాచి ఆపేసింది.

తర్వాత మా చర్చిలో ఇంకో ఇంట్లో కూటం జరిగింది. వాళ్లు పాట, వాక్యంతోనే ముగించారు. ఎందుకని ఎవరూ అడగలేదు. మా కూటాల్లో ఇప్పుడు చనిపోయినవాళ్ల సాక్ష్యం పెట్టడం లేదు.